అర్పా ఒడ్డున పెద్దకర్మ

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, తెలిపారా పేటలో, ఒక తెలుగు ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే మొదట తేలవలసింది రైలు సంగతి. విశాఖలో రాత్రి కోర్బా బండి ఎక్కినవాళ్ళు మర్నాటికి గాని బిలాస్‌పూర్‌లో దిగరు. శ్రీకాకుళం లోపలి ఊళ్ళో ఉన్న కూతురు ముందు విజయనగరం చేరి, అక్కడ బండి అందుకోవాలి. అందాకా ఆగాలా, తీసుకెళ్ళిపోవాలా అని ఇంటి పెద్దలు గుమ్మం బయట నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఈలోగా పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ళు వెదురుకర్రలకీ, ఐసుకీ, ముక్తిధామ్ శ్మశానంలో కట్టెలకీ ఏర్పాటు చేసేస్తారు. వాళ్ళ ఇళ్ళలో మూడో రోజు స్నానం, పదో రోజు దశగాత్ర. మన ఇళ్ళలో చిన్నదినం, పెద్దకర్మ, ఆ తర్వాత మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. రెండు లెక్కలూ ఒకే వీధిలో పక్కపక్కనే నడుస్తాయి.

బిలాస్‌పూర్‌కి తెలుగువాళ్ళు ఎలా వచ్చారన్నది రైలు పట్టాలంత సూటి కథ. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా వేసిన లైను 1891 నాటికి ఈ ఊరి మీదుగా నడిచింది. కంపెనీ ఉత్తరాంధ్ర తీరం నుంచి కూలీలనీ, ఫిట్టర్లనీ, గుమాస్తాలనీ తీసుకుంది. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత తేలికయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కేంద్రమైంది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరికి తిరిగి వెళ్ళేవాళ్ళు వెళతారు. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ ఇక్కడే అయినవాళ్ళు తెలిపారా, తార్‌బహార్, తోర్వా లాంటి చోట్ల చిన్న ఇల్లు చూసుకుని ఉండిపోతారు. ఉండిపోయినవాళ్ళు ఇక్కడే పోతారు. అస్థికలు ఊళ్ళోని అర్పా నదిలో కలపాలా, శివరీనారాయణ్ దగ్గర మహానదిలోనా, రాజిమ్‌లోనా, లేక కలశం సంచిలో పెట్టుకుని రాజమండ్రి గోదావరి దాకా వెళ్ళాలా? ఎండాకాలంలో అర్పా ఇసుక మేట. నీళ్ళు వెతుక్కోవాలి.

సొంత ఊరు కాని చోట, చుట్టాల్లో సగం మంది చేరకముందే ఆత్మీయుణ్ణి సాగనంపిన మనిషికి ఊరట ఎక్కడినుంచి వస్తుంది? విశ్వాసం నిజంగా పనిచేస్తుందా, చేస్తే ఎలా? వందేళ్ళుగా మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. కొన్ని చోట్ల దారి తప్పింది, కొన్ని చోట్ల మన తద్దినం దగ్గరికే వచ్చి ఆగింది.

*

శరీరంతో మొదలుపెడదాం. 1963లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక బ్రిటిష్ అధ్యయనం వచ్చింది. భార్యను కోల్పోయిన, 55 ఏళ్ళు దాటిన 4,486 మంది మగవాళ్ళను పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. మొదటి ఆరు నెలల్లో వాళ్ళలో మరణాలు అదే వయసు వివాహితుల్లో కన్నా సుమారు 40 శాతం ఎక్కువ. బెంగ పెట్టుకుని పోయాడు అని మనవాళ్ళు అంటుంటారే, ఆ మాటకి అంకెల ఆధారం దొరికింది. 2012లో అమెరికా పరిశోధకులు గుండెపోటు వచ్చి బతికిన దాదాపు 2,000 మందిని విచారిస్తే, దగ్గరివాళ్ళు పోయిన తొలి 24 గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజుల కన్నా 21 రెట్లు పెరిగిందని తేలింది. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది. మామూలు రోజున ఉండే ముప్పు చాలా చిన్నది కాబట్టి, దాన్ని 21తో హెచ్చించినా ఎక్కువమందికి ఏమీ కాదు. అయినా గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్ళ విషయంలో ఈ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. దుఃఖంలో అడ్రినలిన్, కార్టిసాల్ ఎగదన్నుతాయి, రక్తపోటు పెరుగుతుంది, రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది, నిద్ర ఉండదు. పైగా మాత్రలు వేసుకోవడం మరిచిపోతారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కర్మ చేసే పెద్దకొడుక్కి ఒంటిపూట భోజనం, నేల మీద పడక. షుగరు, బీపీ ఉన్న మనిషి ఈ నియమాలన్నీ పట్టుదలగా పాటిస్తే అది పోయినవారికి చేసే సేవ అవ్వదు. మందులకీ ఆహారానికీ సడలింపు ఇవ్వమని పురోహితుణ్ణి అడగండి. అనుభవమున్నవాళ్ళు అడ్డు చెప్పరు. తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఆ పది రోజులూ మాత్రల డబ్బా చూసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి.

మెదడు సంగతి ఇంకా లోతు. ముప్పై అయిదేళ్ళు లోకో నడిపిన భర్త ఉన్న ఇల్లాలిని ఊహించుకోండి. అర్ధరాత్రి రెండింటికి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టడం, తను లేచి టిఫిన్ డబ్బా కట్టడం, మర్నాడో ఆ మర్నాడో ఆయన బూట్ల చప్పుడు వినపడటం ఆమె జీవితం. వెళ్ళిన మనిషి తిరిగొస్తాడన్నది ఆమె మెదడు వేలసార్లు సరిచూసుకున్న నిజం. ఒకరోజు ఆయన తిరిగి రాడు. శవాన్ని చూసింది, నిప్పు పెట్టిందీ చూసింది. అయినా రెండింటికి మెలకువ వస్తుంది. ఇది పిచ్చి కాదు. దగ్గరివాళ్ళు ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు, ఎంత దగ్గర అన్న పటాన్ని మెదడు ఏళ్ళ తరబడి గీసుకుంటుందనీ, మరణం తర్వాత ఆ పటాన్ని మళ్ళీ గీయడానికి చాలా కాలం పడుతుందనీ అమెరికన్ శాస్త్రవేత్త మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ వివరిస్తారు. 2008లో ఆమె బృందం తల్లినో అక్కచెల్లెళ్ళనో రొమ్ము కాన్సర్‌తో పోగొట్టుకున్న స్త్రీలకు వాళ్ళ ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. బాధకు సంబంధించిన భాగాలు అందరిలోనూ స్పందించాయి. శోకం ఎంతకీ తగ్గనివాళ్ళలో మాత్రం న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న భాగం కూడా వెలిగింది. కోరుకున్నది దొరుకుతుందని ఎదురుచూసేటప్పుడు పనిచేసే భాగమది. వాళ్ళ మెదడు ఇంకా రాకకోసం చూస్తోంది.

1971లో వేల్స్‌లోని ఒక పల్లె వైద్యుడు, డెవీ రీస్, భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందితో మాట్లాడారు. దాదాపు సగం మంది పోయిన మనిషి దగ్గరలోనే ఉన్నట్టు అనిపించడం, గొంతు వినపడటం, కనపడటం లాంటి అనుభవాలు చెప్పారు. ఎక్కువమందికి అది ఓదార్పుగానే ఉంది. అంతకన్నా ఆలోచింపజేసే విషయం, వాళ్ళలో చాలామంది అప్పటిదాకా ఎవరితోనూ ఆ మాట అనలేదు. మతి చలించిందనుకుంటారేమోనన్న భయం. మన ఇళ్ళలో ఈ భయం తక్కువ. పొద్దున్నే కాఫీ దగ్గర, రాత్రి మీ నాన్న కల్లోకొచ్చారు, ఏదో అడిగినట్టుంది అని అమ్మ అంటుంది. ఏమడిగారో ఆలోచించి, ఆయనకిష్టమైన పదార్థం వండి ఎవరికైనా పెడతారు. ఆ కల ఎక్కడినుంచి వచ్చిందన్న దాని మీద నాకూ ఆ తల్లికీ అభిప్రాయం కలవకపోవచ్చు. కల చెప్పుకునే చోటు ఉండటం ఆరోగ్యమన్న దాంట్లో మాత్రం భేదం లేదు.

*

సైన్స్ దారి తప్పిన సంగతికి వద్దాం. 1917లో సిగ్మండ్ ఫ్రాయిడ్ శోకం గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. పోయినవారి మీద పెట్టుకున్న మమకారాన్ని పోగు పోగుగా విడదీసి మళ్ళీ లోకం మీద పెట్టడమే శోకం చేసే పని అన్నది అందులోని సారం. తర్వాతి తరాల వైద్యులు దీన్ని సూత్రంగా పట్టుకున్నారు. మరిచిపోవాలి, వదిలెయ్యాలి, ముందుకు సాగాలి. పోయినవారితో మాట్లాడటం జబ్బు లక్షణమనుకున్నారు. కానీ ఫ్రాయిడ్ కూతురు సోఫీ 1920లో ఫ్లూ జ్వరంతో పోయింది. మూడేళ్ళకి ఆమె చిన్నకొడుకు, తాత ప్రాణంగా చూసుకున్న పిల్లవాడు, పోయాడు. 1929లో కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ ఫ్రాయిడ్, ఆ ఖాళీని ఏది పూర్తిగా నింపినా అది వేరేదిగానే మిగిలిపోతుందని, అలా ఉండటమే మేలని, ఆ ప్రేమను నిలుపుకోవడానికి మనకున్న దారి అదేనని ఒప్పుకున్నాడు. సిద్ధాంతం చెప్పలేనిది తండ్రి చెప్పాడు. ఆయన శిష్యులు వ్యాసాన్ని చదివినంత శ్రద్ధగా ఆ ఉత్తరాన్ని చదవలేదని నాకనిపిస్తుంది.

తర్వాత వచ్చినవి అయిదు దశలు. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969 పుస్తకంలో వీటిని చెప్పింది మరణశయ్య మీదున్న రోగుల గురించి. ఆ తర్వాత అవి బతికున్నవాళ్ళ దుఃఖానికీ అంటగట్టబడి, పాఠ్యపుస్తకాల్లోకీ సినిమాల్లోకీ ఎక్కాయి. దుఃఖం ఈ వరుసలో నడుస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నాకింకా అంగీకారం రాలేదేమిటి అని ఎవరైనా తమను తాము నిందించుకుంటుంటే, ఆ భారాన్ని ఇప్పుడే దించేసుకోవచ్చు.

1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు కొనసాగే బంధాల గురించి ఒక పుస్తకం తెచ్చారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు బంధాన్ని తెంచుకోవడం లేదనీ, దాన్ని మార్చుకుంటున్నారనీ, అది మామూలేననీ వాళ్ళు చూపించారు. క్లాస్ జపాన్‌లో పితృదేవతల ఆరాధనను కూడా చదివాడు. ఆయన తెలిపారాకి వచ్చి ఉంటే పుస్తకంలో ఇంకో అధ్యాయం చేరేది. మన కర్మకాండలో పన్నెండో రోజు సపిండీకరణం ఉంది. పోయిన మనిషికి పెట్టిన పిండాన్ని విడదీసి తండ్రి, తాత, ముత్తాతల పిండాలతో కలుపుతారు. అప్పటిదాకా ప్రేతం. ఆ క్షణం నుంచి పితృదేవత. మనిషి ఇంటి సభ్యత్వం నుంచి తొలగలేదు, ఇంటి పెద్దల వరుసలో చేరాడు. ఆ తర్వాత ఆయనకి ఏటా ఒక తిథి ఉంది, భాద్రపదంలో మహాలయ పక్షం ఉంది. ఛత్తీస్‌గఢీ ఇళ్ళు అదే పక్షాన్ని పితర్ పాఖ్ అంటాయి. ముగ్గు వేసి, మినప వడలు చేసి, పెద్దల్ని ఇంటికి పిలుస్తాయి. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో భూస్థాపన తర్వాత ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక. ముస్లిముల ఇళ్ళలో నలభయ్యో రోజు ఫాతిహా. దేవుళ్ళు వేరు, నమ్మకాలు వేరు. అన్నిట్లోనూ ఉన్నది తారీఖు, చోటు, పిలిస్తే వచ్చే మనుషులు.

విశ్వాసం దుఃఖంలో ఎలా పనిచేస్తుందన్న దానికి జవాబు ఎక్కువ భాగం ఇక్కడే ఉందని నా నమ్మకం. 1993లో అమెరికాలో పసిబిడ్డల్ని హఠాత్తుగా, నిద్రలో పోగొట్టుకున్న 124 మంది తల్లిదండ్రుల మీద ఒక అధ్యయనం జరిగింది. ప్రార్థనా మందిరానికి తరచుగా వెళ్ళేవాళ్ళకి మనుషుల తోడు ఎక్కువ దొరికింది, ఆ మరణంలో ఏదో ఒక అర్థం కనిపించింది. మతాన్ని ముఖ్యమనుకునేవాళ్ళు బిడ్డ మరణం గురించి ఎక్కువ ఆలోచించారు, తప్పించుకోలేదు. ఏడాదిన్నర తర్వాత వాళ్ళ పరిస్థితి మెరుగ్గా ఉండటానికి తోడ్పడినవి ఇవి. అంటే విశ్వాసం నేరుగా నొప్పి తగ్గించే మందు కాలేదు. మనుషుల్ని తెచ్చింది, ఆలోచించే ధైర్యమిచ్చింది. ఆ రెండూ కలిసి చేయవలసింది చేశాయి.

కర్మల్ని నమ్మనివాళ్ళ మాటేమిటి? 2014లో మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జీనో చేసిన ప్రయోగాల్లో, నష్టం జరిగాక ఏదైనా ఒక క్రమం పాటించినవాళ్ళకి దుఃఖం కొంత తగ్గింది. అలాంటివాటి మీద నమ్మకం లేదన్నవాళ్ళకీ తగ్గింది. జీవితం చేజారిపోయిందన్న భావన కాస్త వెనక్కి తగ్గడమే కారణమని వాళ్ళు తేల్చారు. విజయవాడలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా 1975లో పోయారు. ఆయన దారిలో నడిచినవాళ్ళు మంత్రాలు లేకుండానే సంతాపసభ పెడతారు, కళ్ళు దానం చేస్తారు, దేహాన్ని వైద్య కళాశాలకి ఇస్తారు. అక్కడా ఒక క్రమం ఉంది, కూడిన జనం ఉన్నారు, పోయిన మనిషి పేరు మీద జరిగే పని ఉంది.

*

దుఃఖం ఒక్క దిక్కుకే నడవదని 1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ ప్రతిపాదించారు. మనిషి కాసేపు నష్టం వైపు ఒరుగుతాడు, ఏడుస్తాడు, తలుచుకుంటాడు. కాసేపు బతుకు వైపు ఒరుగుతాడు, కాగితాలు వెతుకుతాడు, కొత్త పనులు నేర్చుకుంటాడు. ఈ ఊగిసలాటే ఆరోగ్యం. పెద్దకర్మ నాడు ఇల్లు చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. పిండం దగ్గర కొడుకు వెక్కి వెక్కి ఏడుస్తాడు, పావుగంట తర్వాత వడల పిండి చాలదని బజారుకి పరిగెడతాడు. ఎన్నాళ్ళకో కలిసిన అక్కచెల్లెళ్ళు నాన్న కోపం గురించి చెప్పుకుని నవ్వుతారు, నవ్వుతూనే ఏడుస్తారు. నవ్వినందుకు ఎవరూ తప్పు పట్టరు.

రైల్వే కుటుంబాల్లో ఈ ఊగిసలాటకి ఇంకో బరువు ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఉంటుంది. ఇక్కడ అందరూ అనుకంపా అంటారు. ఇంటి యజమాని పోయిన నెలలోనే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, ఎవరు ఉద్యోగంలో చేరాలన్న చర్చ, క్వార్టర్ గడువు. పంతొమ్మిదేళ్ళ కొడుకు నాన్న పనిచేసిన డిపార్టుమెంటులోనే చేరతాడు. మొదటి జీతం అందుకున్న రోజున ఆ అబ్బాయి మనసులో ఏముంటుంది? నాన్న ఉంటే ఈ జీతం రాదు. నాన్న ఇచ్చి వెళ్ళిన అన్నం ఇది అన్న కృతజ్ఞత, నాన్న ప్రాణానికి బదులుగా వచ్చిందన్న నేరభావం ఒకే నోటు మీద ఉంటాయి. కొన్నిచోట్ల భర్త పోయిన స్త్రీ స్వయంగా ఉద్యోగంలో చేరుతుంది. ఇల్లు దాటి పని చేయని మనిషి హాజరు పుస్తకంలో హిందీలో సంతకం పెట్టడం నేర్చుకుంటుంది. అర్థం అనే పెద్ద మాటకి ఇలాంటి చోట్ల ఒక రూపం వస్తుంది. ఈ సంతకాన్ని ఏ వేదాంతి వచ్చి వివరించనక్కర్లేదు, ఆమెకి తెలుసు.

వివరణలు ఎక్కడ హాని చేస్తాయో ఇప్పుడు చూద్దాం. పరామర్శకొచ్చినవాళ్ళు మంచి మనసుతోనే అంటారు: దేవుడికి ఇష్టమైనవాళ్ళని ముందు తీసుకుపోతాడమ్మా. పూర్వజన్మ కర్మ. అంతా మన మంచికే. 1998లో క్రిస్టఫర్ డేవిస్, సూజన్ నోలెన్ హోక్సీమా, జుడిత్ లార్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మరణాసన్నుల సేవాకేంద్రాల ద్వారా ఆత్మీయుల్ని పోగొట్టుకున్న 205 మందిని చూశారు. ఎందుకిలా జరిగిందో తమకు తాము అర్థం చేసుకోగలిగినవాళ్ళకి మొదటి ఏడాదిలో బాధ తక్కువ. అంతకుముందే మత విశ్వాసం ఉన్నవాళ్ళకి ఈ అర్థం సులువుగా దొరికింది. దీని నుంచి ఏదో ఒక నేర్పో మేలో పొందానని చెప్పగలిగినవాళ్ళకి ఆ ఊరట ఇంకా తర్వాత, పదమూడు, పద్దెనిమిది నెలల దగ్గర కనిపించింది. ఈ అర్థాలన్నీ లోపలినుంచి మొలిచినవి. మూడో రోజున పక్కింటివాళ్ళు తెచ్చి చేతిలో పెట్టిన అర్థం అలా పనిచెయ్యదు, ఎందుకంటే దానికి ఒప్పుకోకపోతే మనం భక్తిహీనులమన్న నింద వెంట వస్తుంది.

ఇంకో అధ్యయనం నా మనసుని బాగా తాకింది. లారీ బర్క్, రాబర్ట్ నీమెయర్ బృందం హత్యల్లో తమవాళ్ళను పోగొట్టుకున్న నల్లజాతి అమెరికన్లను గమనించింది. చాలామంది గాఢమైన విశ్వాసులు. శోకం తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఆరు నెలల తర్వాత దేవుడితో ఎడం ఎక్కువైంది, దేవుడు వదిలేశాడన్న కోపం, చర్చి మనుషుల మీద అలక. కానీ మొదట దేవుడితో ఎడం ఉన్నంత మాత్రాన తర్వాత శోకం పెరగలేదు. విశ్వాసం బలహీనమైనందువల్ల దుఃఖం ముదిరింది అనే మాటకి ఇది సూటి జవాబు. బాణం అటునుంచి రాలేదు. ముదిరిన దుఃఖమే విశ్వాసాన్ని కుదుపుతుంది. దేవుడి మీద కోపం వచ్చిన తల్లిని మందలించే హక్కు ఎవరికీ లేదు. మన సంప్రదాయమూ మందలించలేదు. తిక్కన తెనిగించిన భారతంలో స్త్రీపర్వం ఉంది. నూరుగురు కొడుకులు పోయిన గాంధారి సాక్షాత్తూ కృష్ణుణ్ణి పట్టి నిలదీసి, శపిస్తుంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి గట్టిగానే అడిగాడు. తెలుగు బైబిల్లో యోబు గ్రంథమూ, విలాపవాక్యములూ ఉన్నాయి. కోపానికి చోటున్న విశ్వాసమే దుఃఖాన్ని మోయగలదు.

బిలాస్‌పూర్ స్టేషన్‌నే వేదికగా చేసుకున్న ఒక కథాకావ్యం ఉంది. రవీంద్రనాథ్ టాగోర్ 1918లో అచ్చువేసిన 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి'. జబ్బుపడ్డ ఇరవై మూడేళ్ళ భార్యని గాలి మార్పు కోసం తీసుకెళుతున్న భర్త బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ఆరు గంటలు ఆగాలి. అత్తింటి నాలుగు గోడలు దాటి బయటికొచ్చిన బిను అనే ఆ అమ్మాయికి ప్రతిదీ పండుగే. స్టేషన్లో ఒక కూలీ భార్య, రుక్మిణి, తన కూతురి పెళ్ళి గోడు చెప్పుకుంటే, ఆమెకి పాతిక రూపాయలు ఇవ్వమని భర్తని అడుగుతుంది. భర్త రుక్మిణిని చాటుకి పిలిచి బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. భార్యకి ఇచ్చేశానంటాడు. రెండు నెలల తర్వాత బిను పోతుంది, పోతూ, భర్త ఆనందంతో నింపిన ఆ ఆఖరి రెండు నెలల్ని తలుచుకుంటుంది. అతను ఒంటరిగా బిలాస్‌పూర్ తిరిగొచ్చి, బాకీ తీర్చడానికి రుక్మిణి కోసం వెతుకుతాడు. వాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు.

టాగోర్ భార్య మృణాళిని 1902లో, ఒక కూతురు 1903లో, చిన్నకొడుకు శమీంద్రనాథ్ 1907లో పోయారు. పెద్దకూతురు మాధురీలత 1918లోనే పోయింది. పోయినవారికి మనం పడిన బాకీ గురించి ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కావ్యంలో ఆయన భర్తకి క్షమాపణ ఇప్పించలేదు, రుక్మిణిని దొరకనివ్వలేదు. శోకంలో నేరభావం, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది అన్న తలపు, ఎంత సర్వసాధారణమో పరిశోధకులు చాలా తర్వాత రాశారు. తనను తాను నిందించుకోవడం శోకాన్ని ముదరబెడుతుందని కూడా గుర్తించారు. దానికి తేలికైన మందు లేదు. ఒకరికి ఇవ్వలేనిది ఇంకొకరికి ఇవ్వడం మాత్రం చాలామంది ఎంచుకునే దారి: పోయినవారి పేరున అన్నదానం, ఒక పిల్లకి ఫీజు, ఒక పెళ్ళికి సాయం. సంవత్సరీకం నాటి దానాల వెనక ఉన్న బరువుని పుణ్యం లెక్కతోనే చూస్తే సగమే కనపడుతుంది.

ఏ అర్థమూ అంటని మరణాలున్నాయి. 2014 నవంబరు 8న ఇదే బిలాస్‌పూర్ జిల్లాలో పెండారీ దగ్గర జరిగిన శిబిరంలో 83 మంది స్త్రీలకు కొన్ని గంటల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ శిబిరం తర్వాతా, ఆ రోజుల్లోనే జిల్లాలో జరిగిన మరికొన్ని శిబిరాల తర్వాతా కనీసం 13 మంది చనిపోయారు. చాలామంది పడుచు తల్లులు, చంటిపిల్లలున్నవాళ్ళు. ఇలాంటి మరణాన్ని దైవేచ్ఛ అనడం దేవుడికీ అన్యాయమే, ఆ తల్లులకీ అన్యాయమే. హింసవల్లో నిర్లక్ష్యంవల్లో జరిగిన మరణాల్లో శోకం ఎందుకు అంత గాఢంగా ఉంటుందో పరిశీలించినవాళ్ళు, ఎందుకు జరిగిందో అర్థం చేసుకోలేకపోవడమే ప్రధాన కారణమని చెప్పారు. అక్కడ ఇవ్వవలసింది ఓదార్పు మాట కాదు, నిజం. ఏం జరిగింది, ఎవరు బాధ్యులు, ఇంకొకరికి జరగకుండా ఏం చేస్తారు. కోర్టు మెట్లెక్కిన తండ్రి శోకంలోనే ఉన్నాడు. అది కూడా ఒక కర్మకాండే.

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ ఉధృతిలో పోయిన చాలామందికి ఈ కర్మకాండలేవీ దక్కలేదు. మొహం చూడలేదు, నలుగురు మోయలేదు. ఆ ఏడాది పోయినవారికి ఆలస్యంగానైనా అందరూ కూడి ఒక కార్యం చేయడంలో తప్పేమీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు అని అడగవద్దు.

ఎప్పుడు వైద్య సాయం తీసుకోవాలి? ఎక్కువమంది ఏ చికిత్సా లేకుండానే కోలుకుంటారు. పదిమందిలో ఒకరికి మాత్రం శోకం సడలదు. రోజూ అదే ఆరాటం, బతుకు వ్యర్థమన్న భావన, పనులేవీ సాగకపోవడం. దీన్ని దీర్ఘశోక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది, ఆరు నెలలు దాటితే. అమెరికన్ మనోవైద్య సంఘం 2022లో ఏడాది గడువు పెట్టింది. రెండు నిర్వచనాలూ ఆ మనిషి సంస్కృతి, మతం ఒప్పుకునే హద్దుల్ని లెక్కలోకి తీసుకోమంటాయి. మన సంప్రదాయం కూడా శుభకార్యాల నిషేధాన్ని ఏడాది దగ్గరే ఆపింది. ఈ రుగ్మతకి ప్రత్యేకమైన చికిత్స ఉంది. క్యాథరీన్ షియర్ బృందం 2005లో దాని ఫలితాన్ని చూపించింది. మామూలు కుంగుబాటు చికిత్స కన్నా అది బాగా పనిచేసింది. భారత ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నెంబరులో ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు, హిందీలోనూ.

*

ఇక పిల్లలు. తెలిపారాలో మూడో తరం తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో చెప్పాలి, తల్లి వైపు పేర్లూ చెప్పాలి. పదిహేనేళ్ళ కుర్రాడు ఆ పేర్లని ఫోన్‌లో హిందీ లిపిలో రాసుకుని చదువుతాడు. ముత్తాత పేరు చదివినప్పుడు, అది రైల్వే కంపెనీ కోసం సముద్రం పక్క పల్లె నుంచి ఇక్కడికి వచ్చిన మొదటి మనిషి పేరని వాడికి తెలియకపోవచ్చు. పురోహితుడు అడిగేది పేరు మాత్రమే. మిగతాది ఇంట్లోవాళ్ళు చెప్పాలి.

2001లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లల కోసం ఇరవై ప్రశ్నలు తయారు చేశారు. మీ అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారో తెలుసా? మీ తాత ఎక్కడ పెరిగాడో తెలుసా? మీ ఇంట్లో జరిగిన కష్టం ఏదైనా తెలుసా? జవాబులు ఎక్కువ తెలిసిన పిల్లలకి ఆత్మవిశ్వాసం, జీవితం తమ చేతిలో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. కథలు తెలియడమే దీనికి కారణమని ఖాయంగా చెప్పలేం. కథలు చెప్పుకునే ఇళ్ళు వేరే విధాలుగానూ మంచి ఇళ్ళు కావచ్చు. అయినా పెద్దకర్మ నాటి మధ్యాహ్నం, భోజనాలయ్యి అందరూ చాపల మీద కూర్చున్నప్పుడు, ఆ ప్రశ్నల్ని బిలాస్‌పూర్‌కి తగ్గట్టు మార్చి అడగొచ్చు. తాత మొదట ఏ స్టేషన్లో చేరాడు? వచ్చిన కొత్తలో ఆయనకి హిందీ ఎవరు నేర్పారు? నానమ్మ ఇక్కడికి ఎప్పుడొచ్చింది, మొదటి ఏడాది ఎందుకు ఏడ్చింది? ఆ ఏడాది పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ఏం చేసింది? జవాబు తెలిసిన పెద్దవాళ్ళు ఆ చాపల మీదే ఉన్నారు, సాయంత్రం బండికి బయల్దేరేదాకా.